ఉచ్-తాష్‌కి వెళ్ళాల్సిన బండి

గ్రాంటు వచ్చిందని తెలిసిన రోజున కోక్-జర్ బడి ఆవరణలో గొర్రెను కోశారు. హెడ్మాస్టరు కాసిమాలీ పొడుగాటి ఉన్ని టోపీ వెనక్కి నెట్టుకుని, గాడిపొయ్యి దగ్గర తానే నిలబడి పలావు వండించాడు. ఫిజిక్స్ టీచరు బురుల్‌ని పిల్లల తల్లులు ఒకరి తర్వాత ఒకరు కావిలించుకున్నారు. ఆమె మాత్రం మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నవ్వుతూ, చేతిలో నూనెలో వేయించిన బోర్సోకు రొట్టె ముక్కని తినడం మరిచిపోయి అలాగే పట్టుకుని నిలబడింది.

ఆలోచన ఆమెదే. ఆ కొండల్లో చిన్న చిన్న బళ్ళు చాలా ఉన్నాయి. వాటిలో ఒక్కదానిలోనూ ప్రయోగశాల అన్న మాట లేదు. పిల్లలు పాఠంలో బొమ్మ చూసి కణం అంటే ఇలా ఉంటుందట అని నమ్మాల్సిందే. వాళ్ళని పట్నానికి తీసుకెళ్ళలేనప్పుడు ప్రయోగశాలనే బండెక్కించి వాళ్ళ దగ్గరికి తీసుకెళ్తే? అదీ ఆమె రాసిన దరఖాస్తు. రెండు సార్లు తిరస్కరించారు, మూడోసారి ఇచ్చారు. పాత వ్యాను ఒకటి కొని, లోపల బీరువాలు బిగించి, మైక్రోస్కోపులు, ఒక టెలిస్కోపు, కరెంటు పాఠాల సామాను, గాజు సామాను సర్దారు. నడపడానికి తుర్దుబెక్ అనే ఊరి కుర్రాణ్ణి పెట్టారు. అతను మాస్కోలో భవనాల పనికి వెళ్ళి, నడుము చెడగొట్టుకుని వచ్చి ఖాళీగా ఉన్నాడు. వ్యాను తాళం చేతిలో పడ్డ రోజున తుర్దుబెక్ దాన్ని తన పెళ్ళికి తను కూడా తయారవనంత శుభ్రంగా కడిగాడు.

గ్రాంటు ఇచ్చిన సంస్థ వాళ్ళు రాజధాని బిష్కెక్‌లో ఒక పూట కూర్చోబెట్టి, డబ్బు వచ్చాక ఎలా నడుచుకోవాలో చెప్పారు. చెప్పింది మేరిమ్ అనే ఆమె. మనిషి సన్నగా ఉంటుంది, మాట మెత్తగా ఉంటుంది, కానీ ఒక్క అక్షరం జారనివ్వదు. "బండి పిల్లల చదువుకే. పెళ్ళికి వద్దు, చావుకి వద్దు, మంత్రిగారు అడిగినా వద్దు. ఏదైనా తప్పు జరిగితే ముందు మాకు ఫోన్ చెయ్యండి. తప్పు జరగడం మాకు కొత్త కాదు," అంది. అందరూ నవ్వారు. బురుల్ కూడా నవ్వింది.

వేసవి సెలవులకి ముందూ, మళ్ళీ సెప్టెంబరు అంతా బండి తిరిగింది. దగ్గరి బళ్ళు అయిపోయాయి. ఇక కనుమకి అవతల ఉన్నది ఉచ్-తాష్. అక్కడ నాజిరా అనే ఒక్క టీచరు అన్ని తరగతులూ ఒకే గదిలో చెబుతుంది. మంచు పడిందంటే కనుమ మూసుకుపోతుంది, మళ్ళీ వసంతం దాకా ఆ ఊరి మొహం చూసేవాడు ఉండడు. అందుకని అక్టోబరు మొదట్లోనే వెళ్దామని బురుల్ నిశ్చయించింది. సామానంతా బీరువాల్లో సర్ది, గాజుకి గడ్డి చుట్టి, బండి సిద్ధంగా ఉంచింది. నాజిరా పిల్లల చేత చెరువు నీళ్ళు సీసాల్లో పట్టించి పెట్టిందట, మైక్రోస్కోపు కింద చూడ్డానికి.

సరిగ్గా దానికి ముందే బురుల్ అత్తగారి సంవత్సరీకం వచ్చింది.

హెడ్మాస్టరు కాసిమాలీ బురుల్‌కి బావగారు, అంటే ఆమె భర్త ఎర్మెక్‌కి సొంత అన్న. తల్లి సంవత్సరీకం అంటే ఆ ఇంటికి మామూలు విషయం కాదు. నాలుగు ఊళ్ళ పెద్దలు రావాలి, గుర్రాన్ని కొయ్యాలి, వచ్చినవాడు తృప్తిగా తిని దీవించి పోవాలి. ఆ రోజు పొద్దున్నే కాసిమాలీ ఆమె దగ్గరికి వచ్చాడు.

"అమ్మాయ్, ఆ వ్యాను తాళం ఇలా ఇవ్వు. ముసలాళ్ళు రోడ్డు మీద నిలబడి ఉన్నారు. వస్తానన్న బస్సు వాడు మొహం చాటేశాడు."

"బావగారూ, అది ఇవ్వకూడదండీ. గ్రాంటు కాగితం మీద సంతకం పెట్టింది మీరే కదా."

"నేనే పెట్టాను. ఎవరు చూడొచ్చారు? ఒక్క పొద్దు. అమ్మ పేరు చెప్పి వచ్చిన ముసలాళ్ళని చలిలో నిలబెట్టమంటావా?"

"సామాను సర్ది ఉంది. తుర్దుబెక్ అయినా నడిపితే..."

"తుర్దుబెక్ కట్టెలు కొడుతున్నాడు. నాకు నడపడం రాదా? నువ్వు పుట్టకముందు నుంచీ ట్రాక్టరు తోలాను. అమ్మ నిన్ను కోడలిగా కాదు, కూతురిలా చూసుకుంది. గుర్తుందా?"

గుర్తుంది. ఆవిడ పోయే ముందు ఆఖరి టీ తాగింది బురుల్ చేతి మీదే. చుట్టూ ఆడవాళ్ళు పిండి పిసుకుతూ చెవులు రిక్కించి వింటున్నారు. బురుల్ చేతులు తుడుచుకుని తాళం ఇచ్చింది.

నది పక్క మలుపులో, బంకమట్టి మీద, బండి జారింది. మెల్లిగా జారి, రోడ్డు అంచు దాటి, విల్లో పొదల మీద పక్కకి ఒరిగిపోయింది. లోపల ఉన్న ముసలాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. కాసిమాలీ మేనత్తకి భుజం ఎముక విరిగింది, మిగతావాళ్ళకి చిన్న గాయాలే. ఆ కబురు వచ్చేసరికి బురుల్ గుర్రపు మాంసం డేగిసా దగ్గర గరిటె తిప్పుతోంది. మనుషులకేమైందని అడిగింది. బతికే ఉన్నారన్నారు. ఆ మాట విన్న మరుక్షణమే ఆమె మనసు టెలిస్కోపు మీదికి పోయింది. పోయినందుకు తనంటే తనకే అసహ్యం వేసింది.

విందు ఆగలేదు. ఆగకూడదు కదా. ఆమె పళ్ళేలు మోసింది, టీ పోసింది, దీవెనలకి చేతులు చాపి ఆమీన్ అంది. సాయంకాలం వెలుగుండగానే నది దగ్గరికి వెళ్ళింది. బీరువా తలుపులు ఊడి వేలాడుతున్నాయి. గడ్డి చుట్టిన గాజు గడ్డితో సహా పిండైపోయింది. మైక్రోస్కోపుల్లో కొన్ని మెడలు విరిగి పడి ఉన్నాయి. టెలిస్కోపు అద్దంలో ఆకాశం రెండు ముక్కలుగా కనిపించింది. తుర్దుబెక్ అప్పటికే అక్కడ గొంతుక్కూర్చుని, పగలకుండా మిగిలినవి ఒక్కొక్కటే ఏరి తన కోటు మీద పెడుతున్నాడు.

మర్నాడు బడిలో, తలుపు వేసి, బురుల్, కాసిమాలీ, తుర్దుబెక్ ముగ్గురూ కూర్చున్నారు.

"ఉచ్-తాష్‌కి వెళ్తుంటే జారిందని రాద్దాం," అన్నాడు కాసిమాలీ. రాత్రంతా నిద్ర లేనట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "రోడ్డు జారిందా లేదా? జారింది. బండి పడిందా? పడింది. ఇందులో అబద్ధం ఎంత? వెళ్తున్న ఊరి పేరు ఒక్కటే కదా."

"నడిపిందెవరని రాయాలి?" అంది బురుల్.

కాసిమాలీ కిటికీ వైపు చూశాడు. అప్పుడు తుర్దుబెక్ గొంతు సవరించుకున్నాడు.

"నా పేరు రాసెయ్యండక్కా. నడిపేవాణ్ణి నేనే కదా, ఎవరైనా నమ్ముతారు. సార్ పరువు ఊరి పరువు. ఈ పని ఇప్పించిందీ సారే."

"నువ్వు మగాడివిరా," అన్నాడు కాసిమాలీ, లేచి అతని భుజం తట్టాడు.

బురుల్ రాసింది. ఎందుకు రాసింది అంటే, బావగారి మీద జాలితో కొంత, భయంతో కొంత. కానీ అన్నిటికంటే ఎక్కువ ఉచ్-తాష్ కోసం రాసింది. నిజం చెబితే గ్రాంటు ఆపేస్తారు. ప్రమాదం అంటే బాగు చేయించుకోమంటారు. మంచు పడేలోగా కనుమ దాటొచ్చు. ఆమె లెక్క అది.

రిపోర్టు అందిన పూటే మేరిమ్ ఫోన్ చేసింది. గొంతులో గాభరా.

"బురుల్ గారూ, మీకేం కాలేదు కదా? డ్రైవరుకి?"

"లేదండీ, అందరూ బాగానే ఉన్నారు."

"పిల్లలో? మీ ప్లాను ప్రకారం ప్రతి ప్రయాణానికీ పెద్ద క్లాసు పిల్లలు ఇద్దరు సాయం వస్తారు కదా. వాళ్ళున్నారా బండిలో?"

బురుల్‌కి గొంతు తడారిపోయింది. లేరంటే, ప్లాను తప్పి ఎందుకు వెళ్ళారని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్న నుంచి మొత్తం దారం ఊడిపోతుంది.

"ఉన్నారండీ," అంది. "వాళ్ళకేం కాలేదు."

"దేవుడు చల్లగా చూశాడు," అంది మేరిమ్.

రెండు రోజులకే సంస్థ నుంచి ఆదేశాలు వచ్చాయి. పిల్లలు ఎక్కిన బండి బోల్తా పడింది కనుక ప్రయాణాలన్నీ తక్షణం ఆపాలి. డ్రైవరుని తీసెయ్యాలి, మళ్ళీ ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. పోలీసు కాగితం పంపాలి. ఆ ఇద్దరు పిల్లల పేర్లు, వాళ్ళని డాక్టరు చూసినట్టు పత్రం, తల్లిదండ్రులు రాసిచ్చిన వాంగ్మూలం పంపాలి. బురుల్ చదివి, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుండిపోయింది. ఉచ్-తాష్‌కి వెళ్ళడం కోసం ఆడిన అబద్ధమే ఉచ్-తాష్ దారి మూసేసింది. నిజం చెప్పినా ఇంతకంటే గట్టిగా మూయలేకపోయేవాళ్ళు.

అదే వారం నాజిరా ఫోన్ చేసింది. కొండ మీదికెక్కి చేస్తుందేమో, గాలి హోరు వినిపిస్తోంది.

"ఎప్పుడొస్తున్నారు అక్కా? పిల్లలు పొద్దున లేస్తే రోడ్డు చూస్తున్నారు. నీళ్ళ సీసాల్లో ఏవో కదులుతున్నాయని ఒకటే గోల."

"బండి... బాగోలేదు నాజిరా."

"సరే, బాగు చేయించుకుని రండి. పైన తెల్లగా పడింది గానీ ఇంకా గుర్రాలు కనుమ దాటి దిగుతున్నాయి. కనుమ మూసుకోవడం ఇంకో వారం ఆగుతుంది లెండి."

వారం ఆగింది, పైన ఇంకో రెండు రోజులు కూడా ఆగింది. తర్వాత కనుమ మూసుకుపోయింది.

కాసిమాలీ మాత్రం ఇప్పుడు కుదుటపడ్డాడు. ఒకసారి దిగిన నీళ్ళలో ఈదడమే మేలనుకున్నాడు కాబోలు. పోలీసు కాగితం తను చూసుకుంటానన్నాడు, అక్కడ తనకి తెలిసినవాడున్నాడట. డాక్టరు చుట్టమే. "తల్లిదండ్రుల సంతకాలు నువ్వు పట్టుకురా. నేనడిగితే వంకలు పెడతారు, నువ్వంటే పెట్టరు," అన్నాడు.

బురుల్ వెళ్ళింది. వెళ్ళిందంటే కాళ్ళు వెళ్ళాయి. పదో తరగతి చదివే సలీమా అనే అమ్మాయి ఇంటి ముందు ఆగింది. సలీమా తల్లి ఆవు పితుకుతోంది. చేతులు గబగబా గౌనుకి తుడుచుకుని లేచింది.

"రండి రండి టీచర్! లోపలికి రండి, మీగడ తీశాను."

"వద్దమ్మా. ఒక్క సంతకం కావాలి. ఇందులో ఏముందంటే..."

"ఏముంటే ఏముంది! మీరు తెచ్చారంటే మా పిల్ల మంచికే కదా. ఎక్కడ పెట్టాలి, ఇక్కడేనా?"

ఆవిడ కాగితాన్ని గోడకి ఆనించి, నాలుక కొసని పళ్ళ మధ్య పెట్టుకుని, పెద్ద పెద్ద అక్షరాలతో పేరు రాసింది. అదే చేత్తో ఒక గిన్నెడు మీగడ కూడా ఇచ్చింది. బురుల్ ఆ గిన్నె పట్టుకుని వీధి మలుపు దాకా నడిచి, అక్కడ ఆగి, సంతకం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు లోపల దాచుకుంది. రెండో ఇంటికి వెళ్ళలేదు.

వెళ్ళలేక, ఎటు పోవాలో తెలియక, తుర్దుబెక్ ఇంటికి పోయింది. అతను లేడు. భార్య ఆనార్ గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రమ్మనలేదు. ఆ ఊళ్ళో వచ్చిన మనిషిని లోపలికి రమ్మనకపోవడమంటే ఉమ్మేసినంత.

"ఆయన గనికి కూలీల్ని తీసుకెళ్ళే బస్సు నడిపే పనికి వెళ్ళాడు. వెళ్ళి వచ్చాడు కూడా. పిల్లల్ని పడేసిన డ్రైవరువి నువ్వే కదా అన్నారట. కబురు ఆయన కంటే ముందే చేరింది."

"ఆనార్, నేను..."

"మీ ఇంటి పరువు మూట కట్టి మా ఆయన నెత్తిన పెట్టారు. ఆయన మంచోడు, మొయ్యనీ అనుకున్నారు. ఎన్నాళ్ళక్కా? దించుతారా, ఆయన పోయేదాకా అక్కడే ఉంచుతారా?"

బురుల్ చేతిలో ఇంకా మీగడ గిన్నె ఉంది. అది ఇవ్వాలో వద్దో కూడా తెలియలేదు.

ఇంటికి వచ్చి భర్తకి చెప్పింది. ఎర్మెక్ మాటలు తక్కువ మనిషి. గొర్రెల వెంట తిరిగే అలవాటు వల్ల కాబోలు, ఎవరైనా గట్టిగా మాట్లాడితే మొహం పక్కకి తిప్పుకుంటాడు. ఇప్పుడు తిప్పుకోలేదు.

"చెబితే అన్నయ్య మళ్ళీ మన గుమ్మం తొక్కడు," అన్నాడు.

"తెలుసు."

"నీ ఉద్యోగం తీసేస్తాడు."

"తీసేస్తాడో, ఆయనదే పోతుందో. నాకేం తెలియడం లేదండీ. నిద్ర పట్టడం లేదు. క్లాసులో పిల్లలు ప్రశ్న అడిగితే సగం వినపడడం లేదు. ఆ సలీమా తల్లి చదవను కూడా చదవలేదు."

పొద్దున ఆమె లేచేసరికి ఎర్మెక్ కారు ఇంజను వేడెక్కించి ఉంచాడు. బిష్కెక్ బస్సు ఆగే చోట దింపి, తన గొర్రెతోలు కోటు ఆమె భుజాల మీద వేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

మేరిమ్ ఆఫీసు చిన్న గది. బురుల్ కోటు విప్పకుండానే మొదలుపెట్టి, ఆపకుండా చెప్పింది. తాళం ఇచ్చింది మొదలు సలీమా తల్లి సంతకం దాకా. తుర్దుబెక్ ఆ పూట కట్టెలు కొడుతున్నాడని రెండుసార్లు చెప్పింది. ఆ సంతకం కాగితం తీసి బల్ల మీద పెట్టింది. మేరిమ్ దాన్ని ముట్టుకోలేదు.

"మీరు మొదటి రోజే చెప్పి ఉంటే," అంది మేరిమ్. గొంతు మెత్తగానే ఉంది, కానీ చూపులో ఏదో విరిగింది. "మొదటి రోజే చెప్పి ఉంటే ఏమయ్యేదో తెలుసా? మందలించి ఒక ఉత్తరం రాసేవాళ్ళం. మీ బావగారి చేత బండి బాగు చేయించేవాళ్ళం. ఇలాంటివి ఎన్ని చూశామో. ఒకాయన కంప్యూటర్లు కూతురి పెళ్ళిలో పెట్టి సినిమా వేశాడు. గ్రాంటు ఆపలేదు."

బురుల్ తల పైకెత్తింది. "ఆపేవారు కాదా?"

"ఆపేవాళ్ళం కాదు. ఉచ్-తాష్‌కి మీరు ఆ నెలలోనే వెళ్ళి ఉండేవాళ్ళు."

ఆ మాట బురుల్‌ని కొట్టినట్టు ఇంకేదీ కొట్టలేదు. అప్పటిదాకా ఆమె ఏడవలేదు. ఇప్పుడు ఏడ్చింది, గొర్రెతోలు కోటులో మొహం దాచుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి. మేరిమ్ లేచి టీ పోసి ముందు పెట్టింది, కానీ ఓదార్చలేదు.

"పిల్లలు బండిలో ఉన్నారని చెప్పారు బురుల్ గారూ. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. ఇప్పుడిది నా చేతుల్లో లేదు."

"నాకేమైనా ఫరవాలేదు. తుర్దుబెక్ పేరు ఒక్కటి కడిగెయ్యండి. కాగితం మీద రాసివ్వండి, అతను నడపలేదని. ఇంకేమీ అడగను."

"అది చేస్తాను," అంది మేరిమ్.

చేసింది. మిగతాది కూడా జరిగింది. కోక్-జర్ బడి గ్రాంటు రద్దయింది. సామాను, బండి వేరే బడికి అప్పగించాలన్నారు. బడి మూడేళ్ళ పాటు దరఖాస్తు పెట్టకూడదు, బురుల్ పేరు ఎప్పటికీ ఏ దరఖాస్తులోనూ ఉండకూడదు. కాసిమాలీని జిల్లా వాళ్ళు పిలిపించి, హెడ్మాస్టరు కుర్చీలోంచి దించి, పక్క ఊరి బడికి మామూలు టీచరుగా పంపారు. వెళ్ళే ముందు అతను తమ్ముడి ఇంటి ముందు గుర్రం ఆపాడు, దిగలేదు.

"అమ్మ పెట్టిన అన్నం తిన్నావు," అన్నాడు బురుల్‌తో.

"తిన్నాను బావగారూ. అందుకే తాళం ఇచ్చాను," అంది ఆమె.

అతను కళ్ళెం లాగి వెళ్ళిపోయాడు. ఆ చలికాలమంతా ఆ ఇంటివాళ్ళు ఈ ఇంటికి రాలేదు, ఈ ఇంటివాళ్ళని పిలవలేదు. ఎర్మెక్ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. కానీ పండగనాడు అన్నయ్య కోసం ఇంకో పళ్ళెం పెట్టబోయి, మళ్ళీ తీసేశాడు. అది బురుల్ చూసింది.

మంచు కరుగుతుండగా బండి దక్కిన ఆ వేరే బడి వాళ్ళు వచ్చారు. బండిని బాగు చేయించి, పగిలినవాటి స్థానంలో కొన్ని కొత్తవి కొన్నారు. వాళ్ళకి కొండ దారులు తెలిసిన డ్రైవరు కావాలి. మేరిమ్ రాసిచ్చిన కాగితం పట్టుకుని తుర్దుబెక్ వెళ్ళాడు, వాళ్ళు పెట్టుకున్నారు. సామాను అప్పగించే పూట బురుల్ ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టి చూపించింది. ఏ మైక్రోస్కోపు మర బిగుతో, దేని అద్దం ఎండకి తిప్పాలో, ఏ వైరు లూజో అన్నీ చెప్పింది. వాళ్ళ టీచరు, చిన్న వయసు పిల్ల, శ్రద్ధగా విని తలూపింది. అంతా అయ్యాక అప్పగింత కాగితం మీద సంతకానికి బురుల్ కలం తీసుకుంది.

"మీరు పెట్టక్కర్లేదండీ," అంది ఆ పిల్ల ఇబ్బందిగా. "మీ పేరు ఇందులో ఉండకూడదన్నారు."

"అవునమ్మా," అని బురుల్ కలం మూసింది.

బండి కదిలేముందు తుర్దుబెక్ అద్దం దించాడు. "కనుమ తెరిచారక్కా. రేపు ఉచ్-తాష్ వెళ్తున్నాం. నాజిరాకి ఏమైనా చెప్పమంటారా?"

ఆమె బండి తలుపు మీద చెయ్యి వేసింది. "మలుపులో మెల్లిగా వెళ్ళు," అంది.

గంట కొట్టారు. ఏడో తరగతిలోకి వెళ్ళేసరికి పిల్లలందరూ కిటికీకి అంటుకుని బండి వెళ్ళడం చూస్తున్నారు.

"టీచర్, మన బండి ఎక్కడికి పోతోంది?"

"అది ఇప్పుడు మనది కాదు. కూర్చోండి."

"మళ్ళీ మనకి ఇవ్వరా?"

"ఇవ్వరు."

"ఎందుకివ్వరు?"

జవాబులు చాలా ఉన్నాయి. ఊళ్ళో అందరూ తలా ఒకటి చెబుతున్నారు. సంస్థ వాళ్ళు రాతి గుండెవాళ్ళని, హెడ్మాస్టరుకి దిష్టి తగిలిందని. బురుల్ బల్ల అంచు పట్టుకుంది.

"నేను అబద్ధం రాశాను కాబట్టి."

వెనక వరసలోంచి ఒక పిల్ల మెల్లిగా అంది: "మా నాన్న అన్నాడు, బండి పడేసింది హెడ్మాస్టరు గారని."

"పడేసింది ఆయన. రాసింది నేను."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇలాంటి మాట పెద్దవాళ్ళ నోట విన్నప్పుడు ఏం చెయ్యాలో వాళ్ళకి ఎవరూ నేర్పలేదు. బురుల్ వాళ్ళ వైపు వీపు తిప్పి, సుద్దముక్క తీసుకుని, బోర్డు మీద ఘర్షణ అని రాసింది. చివరి అక్షరం వంకరపోయింది. దాన్ని తుడిచి, మళ్ళీ రాసి, పాఠం మొదలుపెట్టింది.